పరివర్తన లోహములు: వాని గుణములు, నిత్యజీవనమున వాని యుపయోగములు

(మహాసభయందు చదివిన యుపన్యాసము)



లోహములను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. మేము ముప్పది యేండ్లకు పైగా పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గొన్నవారము. కొలిమికడ పుట్టి, మూసకడ పెరిగిన మీ యెదుట లోహముల గుణములను వర్ణించుట తాతకు దగ్గులు నేర్పుట వంటిది. అయినను, చేతికి తెలిసిన విషయమునకు శాస్త్రము చెప్పు కారణమేమో వినవలెనను కుతూహలము మీకు గలదని యెఱిగి ఈ పనికి పూనుకొంటిమి. మేము ప్రయోగశాలలలో పని చేసినవారము కాము. గ్రంథములు చదివి, మన పనివారిని అడిగి తెలిసికొన్న దానినే యిచట విన్నవించుచున్నాము.

సంస్కృతమున "ధాతువు" అను శబ్దము గమనింపదగినది. వైయాకరణులకు ధాతువనగా క్రియకు మూలము. గనుల నెఱిగినవారికి ధాతువనగా భూమినుండి పుట్టిన లోహాదికము. ఈ రెండర్థములకును పోలిక గలదు. "గమ్" అను నొక్క ధాతువునకు "ఆ" అను నుపసర్గము చేరినచో వచ్చుట యను నర్థము కలుగును; "నిర్" చేరినచో వెడలుట యగును; "సమ్" చేరినచో కలియుట యగును. ఉపసర్గము ఒకటి రెండక్షరములది, ధాతువు మాఱలేదు, అర్థము మాత్రము తలక్రిందులైనది. లోహధాతువుల తీరును ఇట్టిదే. ఇనుమునకు నూటికి ఒకపాలు బొగ్గుసారము చేరినచో ఉక్కగును. పదునెనిమిది పాళ్లు క్రోమియము చేరినచో తుప్పెఱుగని వంటపాత్ర యగును. పండ్రెండు పాళ్లు మాంగనీసు చేరినచో దెబ్బ తగిలినకొలది గట్టిపడు లోహ మగును. కొంచెము చేరినది సర్వమును మార్చును. మా యుపన్యాసమునకు సారమిదియే.

ఇక పరివర్తన లోహములనగా నెవ్వి? రసాయనశాస్త్రజ్ఞులు మూలద్రవ్యములను ఆవర్తన పట్టిక యను నొక పట్టికలో అమర్చియున్నారు. అందు మొత్తము 18 నిలువు వరుసలు గలవు. 3వ వరుస మొదలు 12వ వరుస వఱకు మధ్యభాగమున నుండునవి పరివర్తన లోహములు. టైటానియము, వనాడియము, క్రోమియము, మాంగనీసు, ఇనుము, కోబాల్టు, నికెలు, రాగి, వెండి, బంగారము, ప్లాటినము, టంగ్‌స్టను మున్నగునవి యీ కుటుంబములోనివే. 12వ వరుసలోని తుత్తునాగము, కాడ్మియము, పాదరసము అను మూడింటిని ఈ కుటుంబములో చేర్పవలెనా యని శాస్త్రజ్ఞులు వాదింతురు; అవి గడపమీద నున్నవనుకొనుడు. మన కంచరులు వాడు తగరమును, సీసమును ఈ కుటుంబమునకు వెలుపలివి. బంగారము, వెండి, రాగి యను మూడును ఒకే నిలువు వరుసలో నుండుట చూడముచ్చటగా నుండును. లోకము నాణెములకును నగలకును అనాదిగా వరించిన మూడు లోహములను పట్టికయు ఒక యింటివారినిగా గుర్తించినది.

వీనికి సామాన్యమగు లక్షణమేమి? ప్రతి పరమాణువునందును నడుమ కేంద్రకము, దాని చుట్టు అంతస్తులుగా ఎలక్ట్రానులు గలవు. ఒక యింటిని ఊహింపుడు. వీథి యరుగుమీద కూర్చున్నవారు వచ్చిపోవువారితో వ్యవహారము నడపుదురు. లోపలి గదిలోనివారు బయటికి రారు. సామాన్య లోహములలో లోపలి గదులు నిండి తలుపులు మూసియుండును. పరివర్తన లోహములలో నన్ననో, అరుగునకు ఆనుకొనియున్న లోపలి గది యొకటి పూర్తిగా నిండక, తలుపు తెఱచి యుండును. శాస్త్రజ్ఞులు దానిని "డి" గది యందురు. పదిమంది పట్టు గది యది. అరుగుమీదివారితోపాటు ఈ గదిలోనివారును అవసరమునుబట్టి వ్యవహారమునకు వత్తురు. ఈ యొక్క కారణమునుండియే యీ కుటుంబమునకు గల గుణములు పెక్కులు పుట్టుచున్నవి. తుత్తునాగములో నీ గది పదిమందితో నిండి మూసికొనియుండును; కావుననే అది గడపమీద నిలిచినది.

మొదటి గుణము దార్ఢ్యము. పొరుగు పరమాణువులతో చేయి కలుపుటకు ఎక్కువమంది ముందునకు వత్తురు గావున బంధము బలిష్ఠమగును. తుత్తునాగము సుమారు 420 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే కరగును. వెండికి 962, బంగారమునకు 1064, రాగికి 1085, ఇనుమునకు 1538 డిగ్రీలు కావలెను. టంగ్‌స్టనునకో 3400 డిగ్రీలు దాటవలెను. పూర్వపు విద్యుద్దీపములలో తెల్లగా వెలిగిన సన్నని తీగ యదియే. రాగిని మూసలో కరగించు కొలిమిలోనే ఇనుము ఏల నీరుగాక ముద్దయై నిలుచునో మీకు చేతి యనుభవముచే తెలియును. అంకెలు దానినే చెప్పుచున్నవి.

రెండవ గుణము మిశ్రమమున కనువగుట. ఈ లోహముల పరమాణువులు పరిమాణమున నొకదానికొకటి దగ్గరివి గావున ఒకదాని స్థానమున మఱియొకటి యొదిగి కూర్చుండగలదు. మన స్వర్ణకారుల పనినే తీసికొనుడు. మేలిమి బంగారము మిక్కిలి మెత్తన. ఒక గ్రామును రెండు కిలోమీటర్లకు మించిన తీగగా సాగదీయవచ్చును. అందలి పరమాణువుల పొరలు ఒకదానిపై నొకటి సులభముగా జాఱును. 24 పాళ్లలో రెండు పాళ్లు రాగియో వెండియో చేర్చినచో 22 కారెట్ల బంగార మగును; 916 అను ముద్రకు వేయింట 916 పాళ్లు బంగారమని యర్థము. రాగి పరమాణువు బంగారపు పరమాణువుకంటె చిన్నది. అది పొరలనడుమ ఎగుడుదిగుడు కలిగించి జాఱనీయదు. అందుచే నగ వంగక నిలుచును. వెండి పరమాణువు ఇంచుమించు బంగారపు పరమాణువంతయే గావున రాగి యిచ్చినంత గట్టిదనము నీయదు. రాగి కలిసిన బంగారము గట్టిగను ఎఱ్ఱగను, వెండి కలిసినది మెత్తగను పాలిపోయినట్లును నుండుటను మన పెద్దలు కన్నుతోడనే కనిపెట్టిరి.

మాంగనీసు మాట చెప్పితిమి. విజయనగర మండలమున గరివిడి, చీపురుపల్లి ప్రాంతములలో ఆ ఖనిజము దొరకును. 1882లో షెఫీల్డు నగరమున హాడ్‌ఫీల్డు అను నతడు మాంగనీసు ఉక్కును కనుగొనెను. రైలుపట్టాలు ఒకదాని నొకటి దాటు కూడళ్లలోను, రాళ్లు నలుగగొట్టు యంత్రముల దవుడలలోను నేటికిని దానినే వాడుదురు. రైలు దడదడలాడుచు కూడలి దాటినపుడు మీరు వినుచున్నది మాంగనీసుపై పడు దెబ్బ.

ఇపుడు వంటయింటికి పోదము. ఇనుముమీద పట్టు తుప్పు గుల్లగా నుండి రాలిపోవును. రాలినచోట మరల తుప్పు పట్టును. ఇట్లు ఇనుము క్షయించును. ఉక్కులో నూటికి పదునొకండు పాళ్లకు తక్కువ గాక క్రోమియము చేరినచో, ఆ క్రోమియము గాలిలోని ప్రాణవాయువుతో కూడి కంటికి కానరాని పలుచని పొరయై పాత్రనంతయు కప్పును. పొర గీచుకొని పోయినను క్షణములో మరల నేర్పడును. 1913లో షెఫీల్డు నగరమునందే హారీ బ్రియర్లీ అను నతడు తుపాకి గొట్టములకై వెదకుచు ఇట్టి యుక్కును చేసెను. అతని తండ్రి ఉక్కు కరగించు పనివాడు. అతడు 12వ యేట బడి విడిచి కర్మాగారమున చేరినవాడు. ఈ విషయమును మన బాలురు గుర్తుంచుకొందురు గాక! క్రోమియము 18 పాళ్లు, నికెలు 8 పాళ్లు చేర్చిన యుక్కు నేడు మన చెంబు, కంచము, గరిటె.

గృహిణులకు రెండు మాటలు. అయస్కాంతము అంటుకొన్నచో స్టీలుపాత్ర కల్తీయని యందురు. అది సరికాదు. నికెలు తగినంత చేరినది సాధారణముగా అంటుకొనదు. క్రోమియము మాత్రమే చేరినది అంటుకొనును. రెండును తుప్పు నాపునవే. మన రూపాయి నాణెము అయస్కాంతమునకు అంటుకొనును. అయినను తుప్పు పట్టదు, ఏలయన అది నూటికి 83 పాళ్లు ఇనుమును 17 పాళ్లు క్రోమియమునై యున్నది. రెండవది: స్టీలుపాత్రలో చల్లని నీట ఉప్పుగల్లులు వేసి విడిచినచో అడుగున సన్నని గుంటలు పడును, నీరు మరగిన పిమ్మట ఉప్పు వేసి కలియబెట్టవలెను.

రాగి చెంబులో రాత్రి నిలిచిన నీటిలో సూక్ష్మజీవులు నశించునని ప్రయోగములు చూపినవి. కాని పులుసు, మజ్జిగ, నిమ్మరసము రాగిని కరగించి చిలుము పుట్టించును. అది కడుపున త్రిప్పును. అందుకే మన పూర్వులు ఇత్తడి పాత్రలకు కళాయి వేయించిరి. నవాసాగరము చల్లి దూదితో రుద్దునపుడు, అది లోహముమీది మలినపు పొరను తొలగించి తగరమును పట్టించును. ఇట్లు ప్రతి వీథిలోను రసాయనశాస్త్రము నడచుచుండెను; ఆ పేరు మాత్రము లేదు.

మూడవ గుణము వర్ణము. తెఱచియున్న యా లోపలి గదిలో ఎలక్ట్రానులు ఒక మెట్టునుండి మఱియొక మెట్టునకు ఎక్కుటకు వెలుగులో నొక భాగమును గ్రహించును. మిగిలిన వెలుగే మన కంటికి రంగగును. మైలుతుత్తపు నీలిమ రాగిది. అన్నభేది పచ్చన ఇనుముది. నీలి గాజునకు ఆ రంగు తఱుచుగా కోబాల్టు వలన వచ్చును. కెంపు ఎఱ్ఱన క్రోమియముది. కెంపులో క్రోమియము నూటికి ఒకటి రెండు పాళ్లకు మించదు. అది లేనిచో ఆ రాయి రంగులేని కురువిందము మాత్రమే. ఇచటను ఉపసర్గమే అర్థము నిచ్చినది. తుత్తునాగపు భస్మము తెల్లగా నుండుటకు దాని గది మూసియుండుటయే కారణము.

ఈ గుణమును మన దేశపు చేతిపనివారు ఎంత నేర్పుతో వాడిరో శ్రీకాళహస్తి, మచిలీపట్టణముల కలంకారీ వస్త్రములు చెప్పును. ఇనుపతుక్కును బెల్లపునీట పులియబెట్టి తేట తీయుదురు. కరక్కాయ రసమున తడిపి యారబెట్టిన వస్త్రముమీద ఆ తేటతో గీత గీచినంతనే, ఇనుము కరక్కాయ వగరుతో కూడి నల్లనగును. పూర్వము మన తాళపత్రములు విడిచి కాగితము పట్టిన లేఖకులు అన్నభేది, కరక్కాయలతో చేసిన సిరాయు నదియే. ఇనుపమూకుడులో వండిన పులుసుకూర నల్లబడుటయు నదియే.

నాల్గవ గుణము పెక్కు స్థితులను పొందుట. పరివర్తన లోహము ఒక్కొక్కపుడు రెండు, మూడు, నాలుగు మొదలుగా ఎలక్ట్రానులను వ్యవహారమున వినియోగించి, మరల తీసికొనగలదు. కావుననే యివి ఉత్ప్రేరకము లగుచున్నవి. అనగా తాము వ్యయము గాక యితరుల కార్యమును త్వరితము చేయునవి, పెండ్లి కుదిర్చి తాను వేఱుగా నిలుచు పెద్దమనిషివలె. రైతు పొలమున చల్లు యూరియాకు మూలమగు అమోనియా, గాలిలోని నత్రజనిని ఉదజనితో కలుపగా వచ్చును. ఆ కలుపు మధ్యవర్తి ఇనుము. నూనెను వనస్పతిగా గట్టిపఱచు మధ్యవర్తి నికెలు. గంధకామ్లపు కర్మాగారములలో వనాడియము, మోటారుబండ్ల పొగగొట్టములలో ప్లాటినము మున్నగునవి యిట్లే పనిచేయును.

మన దేహమును ఒక కొలిమియే. పెద్దవాని శరీరమున ఇనుము సుమారు నాలుగు గ్రాములు. ఒక మేకు బరువంత. అందు అధికభాగము నెత్తురున నుండి ప్రాణవాయువును మోసి, చేరవలసిన చోట విడుచును. అది కొఱవడినచో తల్లికి నీరసము, బిడ్డకు దౌర్బల్యము. ఆసుపత్రులలో ఇచ్చు ఇనుపమాత్రలలో తఱుచుగా నుండునది మనము చెప్పిన అన్నభేదియే. పీతల నెత్తురున ఇనుమునకు బదులు రాగి యుండుటచే అది నీలివన్నె గలిగియుండును.

స్థితిభేదము మేలునకే కాక కీడునకును హేతువగును. క్రోమియము వంటపాత్రలో నిరపాయము. అదే క్రోమియము ఆఱు ఎలక్ట్రానుల స్థితిలో, మెఱుగుపూత తొట్లనుండి లేచు తుంపరలో నున్నపుడు ఊపిరితిత్తులకు పుట్టకురుపు తెచ్చును. స్వర్ణకారుల విషయమున మేము మఱింత గట్టిగా చెప్పవలసియున్నది. అతుకులకై కాడ్మియము కలిపిన టంకము వాడుట యొకప్పుడు విరివిగా సాగెను. బంగారము 1064 డిగ్రీలకు కరగును. కాడ్మియమో 767 డిగ్రీలకే ఆవిరియై పోవును. అనగా బంగార మింకను కరగకముందే విషము ఊదుగొట్టము పట్టినవాని రొమ్మున చేరును. ఊపిరితిత్తులను, మూత్రపిండములను చెఱచును. నగ ధరించినవారికి దాని మెఱుగు, చేసినవానికి దాని పొగ! మన దుకాణములలో ఆ టంకమును వర్జింపవలెను. కొలిమిపై పొగ వెడలు గొట్టమును తప్పక పెట్టింపవలెను.

తుదకు ఉక్కు కథను చెప్పి విరమింతుము. పాశ్చాత్యులు "ఊట్జ్" అని వ్రాసినది మన ఉక్కు వంటి దక్షిణదేశపు మాటయే యని పండితుల యభిప్రాయము. తెలంగాణమున నిజామాబాదు మండలములోని కోనసముద్రము ఆ యుక్కునకు ప్రసిద్ధి కెక్కినది. 19వ శతాబ్ది తొలి పాదమున వాయిసీ యను వైద్యుడు ఆ గ్రామమును దర్శించి, పారశీక వర్తకులు అచటికి వచ్చి ఉక్కు కొనిపోవుటను వ్రాసియుంచెను. ఇనుమును బొగ్గుసారముతో మట్టిమూసలో పెట్టి, మూతి మెత్తి, కొలిమిలో చిరకాలము కాచి, మెల్లగా చల్లార్తురు. అట్టి యుక్కుతో పశ్చిమమున చేసిన కత్తులమీద నీటి యలలవంటి చాఱలు కనబడుచుండెను. దానినే డమాస్కసు కత్తి యనిరి.

ఆ చాఱల మర్మమును వెదకినవారిలో మైకేలు ఫారడే యొకడు. ఆయన కమ్మరి కుమారుడు. 1819లో మన యుక్కును పరీక్షించి, స్టోడార్టు అను కత్తుల పనివానితో కలిసి 1820, 1822 సంవత్సరములలో మిశ్రలోహముల ప్రయోగములను ప్రకటించెను. ఉక్కు గుణమునకు అల్యూమినియము, ఇసుకసారము కారణమని ఆయన మొదట తలచెను, అది నిలువలేదు. కాని యా వెదకుట వ్యర్థము కాలేదు. ఉక్కునకు క్రోమియము, నికెలు, ప్లాటినము మున్నగువానిని చేర్చి చూచు మార్గము దానివలన తెఱువబడెను.

దాదాపు నూట ఎనుబది యేండ్ల పిమ్మట, 1998లో, అమెరికాలో వెర్‌హోవెను అను లోహశాస్త్ర పండితుడును, పెండ్రే యను కమ్మరియు తమ సహచరునితో కలిసి యొక వ్యాసమును ప్రకటించిరి. పండితుడు సూక్ష్మదర్శినితో చూచెను; కమ్మరి కొలిమిలో మరల మరల చేసి చూపెను. ఆ చాఱలకు మూలము ఖనిజములో సహజముగా నున్న వనాడియము వంటి పరివర్తన లోహముల లేశమని వారు తేల్చిరి. పదివేల పాళ్లలో ఒక పాలుకంటె తక్కువ యైనను చాలునట! ఆ లేశమున్న ఖనిజము దొరకుట తగ్గినపుడు, మూస అదియే, కొలిమి అదియే, చేయి అదియే, చాఱ మాత్రము రాలేదు. కమ్మరులకు కారణము తెలియదు గావున విద్య క్షీణించెనని వారి యూహ. విదేశపు ఉక్కు చౌకగా దిగుట, అడవులలో బొగ్గు కాల్చుటను సర్కారువారు కట్టడి చేయుట మున్నగు కారణములను ఇతర పండితులు చెప్పుదురు. అవియు సత్యములే. కాని మన హృదయమునకు తాకవలసిన మాట మొదటిదే. మన పూర్వులు సిద్ధిని పొందిరి, హేతువును వ్రాసికొనలేదు. నోటిమాట గొంతుతోపాటు పోయినది.

కులబంధువులారా! మన బాలురు అనేకులు కొలిమి విడిచి కళాశాలలకు పోవుచున్నారు. అందులకు మేము దుఃఖింపము. పాఠశాలలో జీవితము గడపినవారము విద్యను వలదనజాలము. మేము కోరునది యిది. రసాయనము, లోహశాస్త్రము చదువు బాలుడు సెలవులలో తాత కొలిమి యొద్ద కూర్చుండి, ఏ బొగ్గు, ఏ మన్ను, ఏ క్షారము, ఎంత ఊదు, ఏ వన్నె వచ్చినపుడు దింపుట, ఎట్లు చల్లార్చుట అను ప్రతి యంశమును తేదీతో వ్రాసికొనవలెను. పెద్దలు దాచక చెప్పవలెను. దాచిన విద్యకు ఏమి గతి పట్టినదో ఉక్కు చెప్పుచున్నది. పోషకమహాశయులు విద్యార్థులకిచ్చు సాయములో కొంత ఇట్టి వ్రాతకును, లోహపు మచ్చులను పరీక్షింపించుటకును, స్వర్ణకారుల దుకాణములకు పొగగొట్టములు పెట్టించుటకును వినియోగింతురు గాక!

వెర్‌హోవెను, పెండ్రేలలో ఒకరు లేక మఱియొకరికి ఆ మర్మము దొరకియుండదు. మన యింట నైతే ఆ యిద్దరును తాత మనుమలుగా ఒకే కప్పు క్రింద నున్నారు. చేయి ధాతువు, శాస్త్రము ఉపసర్గము. రెండును కూడినచో క్రొత్త యర్థము పుట్టును.

స్వస్తి.